ఉప్పుగాలి ఊళ్లో వేడి, కరెంటు: ఏ వస్తువు దారిస్తుంది, ఏది ఆపుతుంది? ఇంట్లోనే పరీక్షించి తెలుసుకునే పద్ధతి

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో. మేడ మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. మొన్న వేసవిలో ఒకరోజు ఏసీ ఆడుతుండగా కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. స్విచ్ ఆపి ప్లగ్గు లాగి చూస్తే, ఒక పిన్ను చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి బుడగలు కట్టి ఉంది. పిన్ను మీద సన్నగా ఆకుపచ్చ చిలుము. వైరు మంచిదే, ప్లగ్గు మంచిదే, లోడూ ఎక్కువ కాదు. మా ఎలక్ట్రీషియన్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి "ఇది సముద్రం పని సార్" అన్నాడు.

బడిలో మనచేత రెండు జాబితాలు రాయించారు. రాగి, ఇనుము, అల్యూమినియం వాహకాలు. కర్ర, గాజు, ప్లాస్టిక్ బంధకాలు. విశాఖపట్నంలో కాపురం చేసేవాళ్లకు ఆ జాబితా సగమే అక్కరకొస్తుంది. తడి, ఉప్పు, తుప్పు చేరితే బంధకం కరెంటుకు దారిస్తుంది, వాహకం అడ్డుపడుతుంది. అందుకని వస్తువు పేరు చూసి ఊరుకోకుండా అది పొడిగా ఉందా, శుభ్రంగా ఉందా, ఎంత మందం, అతుకు ఎలా ఉంది అని కూడా చూడాలి. ఎలా చూడాలో ఒక్కో అడుగుగా చెబుతాను. మొదటి రెండు అడుగులు పిల్లలతో కలిసి ఒక ఆదివారం పొద్దున చేసేయొచ్చు.

మొదటి అడుగు: కరెంటు పరీక్ష

మూడు పెన్సిల్ సెల్స్, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 150 ఓంల రెసిస్టర్ ఒకటి, రాగి వైరు ముక్కలు, టేపు కావాలి. సెల్స్‌ని ఒకదాని వెనక ఒకటి పెడితే 4.5 వోల్టులు వస్తాయి. ప్లస్ నుంచి రెసిస్టర్, దాని నుంచి ఎల్‌ఈడీ పొడవు కాలు. పొట్టి కాలు నుంచి ఒక వైరు, మైనస్ నుంచి ఇంకో వైరు బయటికి వదలండి. ఆ రెండు కొసలూ తాకిస్తే ఎల్‌ఈడీ వెలగాలి. ఇక ఆ కొసల మధ్య ఏ వస్తువు పెడితే వెలుగుతుందో చూడటమే. గోడ సాకెట్‌లోని 230 వోల్టులతో ఈ పరీక్ష ఎప్పుడూ, ఏ రూపంలోనూ చేయకూడదు.

చెంచా, నాణెం, అల్యూమినియం రేకు వెలిగిస్తాయి. గాజు, స్కేలు, ఎండు పుల్ల వెలిగించవు. ఇంతవరకు బడి జాబితా నిజమే. తర్వాత పెన్సిల్‌ను రెండువైపులా చెక్కి లోపలి నల్ల పుల్ల రెండు కొసలకూ వైర్లు ఆనించండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఆ పుల్లలోని గ్రాఫైట్ లోహం కాకపోయినా దానిలో కదిలే ఎలక్ట్రాన్లు ఉన్నాయి.

ఇప్పుడు పాత ఫ్యాన్ మోటారు లోంచి తీసిన సన్నటి రాగి తీగ పరీక్షించండి. చూడ్డానికి ఎర్రగా మెరిసే రాగే, ఎల్‌ఈడీ మాత్రం వెలగదు. బ్లేడుతో రెండు కొసలూ గీకండి, వెంటనే వెలుగుతుంది. ఆ తీగ మీద కంటికి ఆనని వార్నిష్ పూత ఉంటుంది. చుట్టలు ఒకదానికొకటి షార్ట్ కాకుండా మోటారును కాపాడేది ఆ పూతే. తుప్పు పట్టిన మేకుతోనూ ఇదే జరుగుతుంది. తుప్పు మీద వైరు మెల్లగా ఆనిస్తే ఎల్‌ఈడీ చీకటిగానే ఉంటుంది, తుప్పు గీకి ఇనుము బయటపడ్డాక వెలుగుతుంది. కరెంటు ముందు దాటాల్సింది పైపొరని.

అన్నిటికన్నా నాకు బాగా నచ్చేది ఇసుక పరీక్ష. ఆర్కే బీచ్ నుంచి గుప్పెడు పొడి ఇసుక తెచ్చి గిన్నెలో పోయండి. రెండు వైర్లూ వేలెడు దూరంలో గుచ్చండి. వెలగదు. మంచినీళ్లు కొద్దిగా చల్లండి. గది చీకటి చేస్తే ఎల్‌ఈడీలో చిన్న ఎర్ర చుక్క కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఇప్పుడు సముద్రపు నీళ్లు పోయండి. అదే ఇసుక, అవే వైర్లు, పట్టపగలే ఎల్‌ఈడీ వెలగడం కనిపిస్తుంది. సముద్రపు నీరు కుళాయి నీటికన్నా వంద రెట్ల దాకా బాగా కరెంటు మోస్తుంది. అక్కడ కరెంటు మోసేవి ఎలక్ట్రాన్లు కావు, ఉప్పు కరగ్గా ఏర్పడిన సోడియం, క్లోరైడ్ అయాన్లు. కొన్ని సెకన్లు చూసి వైర్లు తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే వైరు కొస తినేసుకుపోతుంది.

ఈ గిన్నెడు ఇసుకలో చూసిందే మన ఊరి కరెంటు స్తంభాల మీదా జరుగుతుంది. పింగాణీ ఇన్సులేటర్ పొడిగా, శుభ్రంగా ఉంటే దాని మీదుగా కరెంటు పోదు. వాన లేని నెలల్లో సముద్రం మీంచి వచ్చిన ఉప్పు, దుమ్ము దానిమీద పొరకడతాయి. పొడిగా ఉన్నంతకాలం ఆ పొర వల్ల ప్రమాదం లేదు. ఒక రాత్రి మంచు పట్టినా, నాలుగు చినుకులు రాలినా ఆ ఉప్పు కరిగి పింగాణీ మీద సన్నటి దారి పరుస్తుంది. చిటపట చప్పుడు, నీలం మెరుపు అప్పుడే వస్తాయి. జోరువాన కురిస్తే పొర కడుక్కుపోయి మళ్లీ మామూలవుతుంది. ఇన్సులేటర్లు గొడుగు మీద గొడుగు పేర్చినట్టు ఎందుకు ఉంటాయంటే, కరెంటు పాకాల్సిన దూరం పెరగాలని, గొడుగు అడుగు భాగమైనా పొడిగా మిగలాలని.

రెండో అడుగు: వేడి పరీక్ష

దీనికి వెన్న కావాలి. మన ఊళ్లో వేసవి మధ్యాహ్నం వెన్న తనంతట తానే కరిగిపోతుంది కాబట్టి పొద్దున్నే చేయండి. ఇంచుమించు ఒకే పొడవున్న రాగి, స్టీలు, కర్ర, ప్లాస్టిక్ చెంచాలు తీసుకోండి. రాగి చెంచా లేకపోతే లావుపాటి రాగి తీగ చాలు. పై కొసన ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న శనగగింజంత అంటించి, కింది కొసలు మరిగే నీళ్లు పోసిన గ్లాసులో నిలబెట్టండి. రాగి మీది వెన్న ముందు జారుతుంది. స్టీలు మీదిది చాలాసేపు ఆగుతుంది. కర్ర మీదిది కదలదు.

స్టీలు ఇంత వెనకబడటం చాలామందికి ఆశ్చర్యం. అంకెలు చూస్తే అర్థమవుతుంది. ఒక మీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం, రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు రాగి దాదాపు 400 వాట్లు దాటిస్తుంది. అల్యూమినియం 237, మామూలు ఇనుము 80, స్టెయిన్‌లెస్ స్టీలు 15 మాత్రమే. కాంక్రీటు ఒకటిన్నర దగ్గర, నీరు 0.6, కర్ర 0.1 నుంచి 0.2, థర్మోకోల్ 0.035, కదలని గాలి 0.025. ఈ వరుసలో చివర ఉన్న గాలిని గుర్తుపెట్టుకోండి. థర్మోకోల్, దూది, ఉన్ని, కొబ్బరిపీచు వేడిని ఆపేది లోపల గాలిని కదలకుండా పట్టి ఉంచడం వల్లే.

రెండో పరీక్షకు రెండు ఐసు ముక్కలు చాలు. ఒకటి బోర్లించిన మందపాటి అల్యూమినియం మూకుడు మీద, ఇంకొకటి చెక్కపీట మీద పెట్టండి. పెట్టేముందు రెండిటినీ ముట్టుకోండి, మూకుడు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. అయినా ఐసు ముందు కరిగేది దాని మీదే. మూకుడూ పీటా రెండూ ఒకే గదిలో ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి. మన చేతిలోని వేడిని మూకుడు చకచకా లాగేస్తుంది కాబట్టి చల్లగా తోస్తుంది, అదే జోరుతో ఐసుకు వేడి అందిస్తుంది. మన చెయ్యి కనిపెట్టేది వేడి కదిలే వేగాన్ని. అందుకే చేత్తో తాకి వేర్వేరు రకాల వస్తువుల ఉష్ణోగ్రతలను పోల్చడం నమ్మదగ్గ పని కాదు.

మూడో అడుగు: వేడికి, కరెంటుకు దారి ఒకటేనా?

లోహాల్లో ఔను. రెండిటినీ ముఖ్యంగా మోసేవి అవే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండు వాహకతల నిష్పత్తి చాలా లోహాల్లో ఇంచుమించు సమానమని 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. వెండి, రాగి రెండు పనుల్లోనూ ముందుంటాయి, స్టెయిన్‌లెస్ స్టీలు రెండిటిలోనూ వెనకే.

లోహాలు కానివాటిలో మాత్రం ఈ జంట విడిపోతుంది. వజ్రం రాగికన్నా నాలుగైదు రెట్లు వేడిని మోస్తుంది, కరెంటును పోనివ్వదు. అక్కడ వేడి పరమాణువుల అల్లిక కంపనాల మీదుగా ప్రయాణిస్తుంది. అభ్రకం చాలా వేడిని ఓర్చుకుంటూ కరెంటును ఆపుతుంది. పాత ఇస్త్రీపెట్టె విప్పితే వేడెక్కే నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) రిబ్బన్‌కు అటూఇటూ పెళుసుగా మెరిసే రేకులు కనిపిస్తాయి, అవి అభ్రకానివే.

గీజర్ కాయిల్‌లో ఆ పని మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చేస్తుంది. నడుమ నైక్రోమ్, చుట్టూ ఆ పొడి, పైన లోహపు గొట్టం. పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటును ఆపుతుంది. ఇక్కడా మన గాలి వేలు పెడుతుంది. ఆ పొడికి తేమ పీల్చే గుణం ఉంది. వేసవంతా వాడకుండా వదిలేసిన గీజర్‌ను వానాకాలంలో వేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పడితే సప్లై తెంచే స్విచ్) పడిపోవడానికి ఒక కారణం ఇదే. కాయిల్ చివరి సీలు బీటలిచ్చి లోపలికి చెమ్మ చేరి ఉంటుంది. పడిపోయిన ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలపమనేవాళ్లు ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి, కాయిల్ మార్పించండి. బోరునీళ్లు వాడే ఇళ్లలో కాయిల్ మీద తెల్లటి గార కూడా కడుతుంది. గార వేడిని సరిగ్గా దాటనివ్వదు, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కాయిల్ లోపల్లోపల మాడిపోతుంది. ఏడాదికోసారి గార తీయించాలి.

నాలుగో అడుగు: వంటింట్లో

స్టీలు గిన్నె అడుగంటడానికి కారణం మీకు ఇప్పటికే తెలిసిపోయింది. మంట తగిలిన చోటే వేడి నిలబడిపోతుంది, పక్కలకు పాకదు. అడుగున రాగి గానీ, రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం గానీ ఉన్న గిన్నె కొంటే పాలు, పాయసం అడుగంటడం బాగా తగ్గుతుంది. దోసెపెనానికి పోత ఇనుమే నా ఓటు. వేడిని పంచడంలో అల్యూమినియం కన్నా వెనకే, కానీ బరువు వల్ల వేడిని దాచుకుంటుంది, చల్లటి పిండి పడ్డా పెనం చప్పున చల్లారిపోదు. కుక్కర్ పిడి బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, వేడికి మెత్తబడదు. పిడి స్క్రూ వదులైతే వెంటనే బిగించండి.

మసిగుడ్డ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పొడి మసిగుడ్డతో గిన్నె దించితే చెయ్యి కాలదు, ఎందుకంటే నూలుపోగుల మధ్య గాలి ఉంది. అదే గుడ్డ తడిసి ఉంటే ఆ గాలి ఉన్న చోటంతా నీరు చేరింది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు మించి వేడిని మోస్తుంది. గిన్నె సగం దించాక ఒక్కసారిగా వేడి వేళ్లకు తగులుతుంది, వదిలేయడానికీ లేదు, పట్టుకోవడానికీ లేదు. మా ఇంట్లో ఒకసారి మరుగుతున్న సాంబారు అలాగే ఒలికి కాళ్ల మీద పడింది. అప్పటినుంచి గట్టు తుడిచే గుడ్డ సింకు పక్కన, గిన్నె దించే గుడ్డ పొయ్యికి దూరంగా వేరే కొక్కానికి.

కుండ నీళ్ల గురించి ఒక మాట. కుండ చల్లబరిచేది మట్టి వేడిని ఆపడం వల్ల కాదు. సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంది కాబట్టి ఆవిరి మెల్లగా జరుగుతుంది. రాయలసీమ బంధువుల ఇంట్లో కుండ నీళ్లంత చల్లగా మనవి ఉండకపోవడానికి కారణం ఇదే. కుండను గాలి ఆడే కిటికీ దగ్గర పెడితే కొంత నయం.

ఐదో అడుగు: ఐసుపెట్టె, మేడ

ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని దూరం తీసుకెళ్లేవాళ్లు థర్మోకోల్ పెట్టె మందం చూడకుండా కొంటారు. లెక్క వేసి చూపిస్తాను. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు పెట్టె. ఆరు వైపులా కలిపి 1.28 చదరపు మీటర్లు. బయట 32 డిగ్రీలు, లోపల సున్నా, గోడ మందం రెండున్నర సెంటీమీటర్లు. 0.035ను 1.28తో, 32తో గుణించి 0.025తో భాగిస్తే 57 వాట్లు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి కాబట్టి గంటకు 600 గ్రాముల పైచిలుకు ఐసు పోతుంది. గోడ మందం రెట్టింపు చేస్తే అందులో సగమే. అదే కొలతల ఉత్త రేకు పెట్టెలో ఐసు గంటకు నాలుగు కిలోల దాకా కరిగిపోగలదు. రేకు తానుగా వేడిని ఆపదు, దాని మీద ఉండే పలచటి గాలి పొర ఆపినంతే.

హార్బర్‌లో ఐసు పోసే పెద్దాయన పెట్టె కట్టిస్తూ "ఊరికే మూత తీసి చూడకు బాబూ, చూసినప్పుడల్లా ఐసు తగ్గిపోద్ది" అన్నాడు. నిజమే. లోపలికి వచ్చిన తేమగాలిలోని ఆవిరి ఐసు మీద నీరుగా మారేటప్పుడు తనలో దాగిన వేడిని అక్కడే వదులుతుంది. మూత అంచు చుట్టూ టేపు వేయించుకోండి, పెట్టెను వేడి డిక్కీ నేలకు ఆనించకుండా కింద గోనెసంచి మడతపెట్టండి.

మేడ విషయం క్లుప్తంగా. ఐదంగుళాల స్లాబు మధ్యాహ్నపు ఎండను తాగి కొన్ని గంటల తర్వాత ఇంట్లోకి వదులుతుంది, సాయంత్రం ఫ్యాన్ కింద వేడిగాలి తగిలేది అందుకే. అంగుళం థర్మోకోల్ చేసే అడ్డు పని కాంక్రీటుతో చేయించాలంటే మూడడుగులకు పైగా మందం కావాలి. అయినా ముందు ఖర్చు తక్కువ పని చేయండి, ఫిబ్రవరి చివర్లో స్లాబు మీద తెల్లసున్నం గానీ తెల్ల పెయింటు గానీ వేయించండి. స్లాబులోకి చేరాక వేడిని ఆపడం కన్నా, చేరకముందే ఎండను తిప్పికొట్టడం సులువు. గది లోపల కప్పుకు ఉత్త థర్మోకోల్ అంటించవద్దు, అది సులభంగా అంటుకుని మండుతుంది.

ఆరో అడుగు: వైర్లు, ప్లగ్గులు, అతుకులు

కరెంటు మోయడంలో అల్యూమినియం రాగికన్నా తక్కువ. రాగితో సమానంగా మోయాలంటే తీగ అడ్డుకోత వైశాల్యం 1.6 రెట్లు ఉండాలి. అలా లావు పెంచినా బరువు రాగిలో సగమే, వీధి స్తంభాల మీద అల్యూమినియం తీగలు ఉండేది అందుకే. ఇంట్లో మాత్రం రాగే వేయించండి. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, మామూలు సాకెట్లకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 వాడటం మంచి అలవాటు.

మా ప్లగ్గు దగ్గరికి వద్దాం. పిన్నుకూ సాకెట్‌లోని స్ప్రింగు పలకకూ మధ్య చిలుము చేరితే అక్కడ కొద్దిపాటి నిరోధం పుడుతుంది. పదోవంతు ఓం అనుకోండి. పది ఆంపియర్లు పోతుంటే పదిని పదితో, మళ్లీ 0.1తో గుణించాలి, పది వాట్ల వేడి. గదిలో పది వాట్లు లెక్కలోకి రావు. బఠాణీగింజంత చోట నిలబడితే ప్లాస్టిక్ కరుగుతుంది. వేడికి స్ప్రింగు ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెంచే స్విచ్) పడదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంది.

కనుక మూడు నెలలకోసారి ఇలా చేయండి. ఏసీ, గీజర్, ఇస్త్రీపెట్టె, మోటారు, ఒక్కోటి అరగంట ఆడాక స్విచ్ ఆపి, ప్లగ్గు లాగి, దాని ప్లాస్టిక్ భాగాన్ని చేతివెనక భాగంతో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే, రంగు మారి ఉంటే, ఆ ప్లగ్గూ ఆ సాకెట్టూ రెండూ మార్పించండి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. సర్వీసు వైరు అల్యూమినియంది, ఇంటి వైరు రాగిది అయితే ఆ రెండూ కలిసే చోట మెలిపెట్టి టేపు చుట్టడం సరిపోదు. అల్యూమినియం మీద పుట్టే ఆక్సైడ్ గట్టి బంధకం, రెండు లోహాల నడుమ ఉప్పుతడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. రెండు లోహాలకూ సరిపడే బైమెటల్ లగ్గు వేయమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. మెయిన్ దగ్గరి పని అతని చేతే చేయించాలి.

ఏడో అడుగు: ఎర్తింగ్, ఒంటి తడి

పొడి చర్మానికి నిరోధం పదివేల నుంచి లక్ష ఓంల దాకా ఉండొచ్చు. చెమటపట్టినా తడిసినా వెయ్యి ఓంలకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు, గుండె ఆగిపోవడానికి అది చాలు. చేతులు పొడిగా ఉన్నాయని ధీమా వద్దు, 230 వోల్టుల ముందు చర్మం పైపొర ఎక్కువసేపు నిలబడదు. మే నెలలో మన ఊళ్లో ఒళ్లు పొడిగా ఉండే మనిషి ఎక్కడున్నాడు? తడిసిన హవాయి చెప్పులనూ నమ్మొద్దు.

పరికరాల లోహపు బాడీని తీగతో నేలకు కలపడమే ఎర్తింగ్. దాని గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది తడి నిలవడానికి, కరెంటు నేలలోకి సులువుగా దిగడానికి. విశాఖ నేలలో రెండు చిక్కులున్నాయి. కొండవాలు కాలనీల్లో కాస్త తవ్వగానే ఖొండలైట్ రాయి తగులుతుంది, అది కరెంటుకు మంచి దారి కాదు. తీరం వైపు ఇసుక ఎండాకాలం పైన పొడారిపోతుంది. పైగా గుంతలోని ఉప్పు ఇనుప గొట్టాన్నే తినేస్తుంది. వేసవిలో వారానికోసారి గుంతలో బకెట్ నీళ్లు పోయండి, రెండు మూడేళ్లకోసారి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. 5 ఓంల లోపు వస్తే మంచిది. ఎందుకో చూడండి. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలిందనుకుందాం. ఎర్త్ నిరోధం 5 ఓంలైతే 46 ఆంపియర్లు పారి ఎంసీబీ పడిపోతుంది. 50 ఓంలైతే 4.6 ఆంపియర్లే పారతాయి, ఎంసీబీ కదలదు, ఫ్రిజ్ తలుపు కరెంటుతో అలాగే ఉంటుంది.

అందుకే ఆర్‌సీసీబీ తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే అది సప్లై తెంచేస్తుంది. దానిమీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి, టక్కుమని పడాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన తర్వాత రోజుల్లో ఈ ఊరు తెగిపడిన తీగల మధ్య నడిచింది. మళ్లీ తుపాను వస్తే పడిన తీగను కర్రతో కూడా కదపకండి, వానలో నానిన కర్ర ఏమిటో మొదటి అడుగులో ఇసుకతోనే చూశాం. దూరంగా ఉండి, ఇంకెవరినీ దగ్గరికి రానివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. గాలివానకు తడిసిన ఏసీ బయటి యూనిట్, మోటారు, స్విచ్‌బోర్డులను మెయిన్ ఆపి ఉండగానే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఉప్పు పేరుకున్న చోట్ల అతను మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిచాకే మెయిన్ వేయాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా సరే.